ఎడమ వరుస

మా అత్తగారింట్లో వడ్డించే మనిషి వెనక్కి తిరగకూడదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ మాట విని నేను పకపకా నవ్వాను. మా అత్త నవ్వలేదు. ఆ పూట నా ఆకులో అన్నం అందరికన్నా చివర పడింది.

మాది ఆలూరుకు నాలుగు మైళ్ల అవతల, నల్లరేగడి మీద జొన్న, పత్తి పండించుకునే ఊరు. ఇల్లు పొడుగ్గా ఉండేది. దొడ్డివాకిలి నుంచి వీధివాకిలి దాకా ఒకటే పడసాల. పండగనాడు రెండు గోడల వెంబడి రెండు వరుసల విస్తళ్లు పరిచేవాళ్లం. వంట దొడ్లో. వడ్డించే ఆడమనిషి దొడ్డివాకిలి గుండా లోపలికి వచ్చి, రెండు వరుసల మధ్య నడుస్తూ అటొకటి ఇటొకటి వేసుకుంటూ, వీధివాకిలి దాటి, పక్కసందులోంచి మళ్లీ దొడ్లోకి చేరాలి. ఎప్పుడో మా అత్తకు అత్త అయినావిడ కాలంలో ఇద్దరు ఎదురెదురుగా వచ్చి గుద్దుకుని, కుతకుతలాడే పప్పు ఒక పెద్దాయన వీపు మీద పోశారట. అప్పటినుంచి ఈ కట్టుబాటు. దానికి తోడు ఇంకొకటి. పెద్దకోడలు చేతి భక్ష్యం, అదే బొబ్బట్టు, పడేదాకా ఏ ఆకులోనూ ఇంకెవరూ ఏమీ వేయకూడదు.

ఆ పెద్దకోడలే మా అక్క. నా తోటికోడలు, మా బావగారి భార్య. తోడబుట్టిన అక్క నాకు లేదు. ఆ లోటు ఆ ఇంట్లో తీరింది. ఆమె బడి మొహం చూడలేదు గానీ, మనిషి కూర్చున్న తీరు చూసి ఎన్ని రొట్టెలు తింటాడో చెప్పేది. యాభై ఆకుల వరుసలో ఎవరికి నెయ్యి సరిపడదో, ఎవరు అడగడానికి మొహమాటపడతారో ఆమెకు తెలుసు. ఎడమచేత్తో గంప నడుముకు ఆనించుకుని, కుడిచేత్తో భక్ష్యాలు వేసుకుంటూ ఆమె నడుస్తుంటే మాటలాడేవాళ్లు మాటలాపి చూసేవాళ్లు. నేను థర్డ్ ఫారం దాకా చదివాను. ఆ ఊరి కోడళ్లలో కాగితం చదవగలిగింది నేనొక్కదాన్నే. ఆ పొగరు నాకు దండిగా ఉండేది. అయినా ఆమె వడ్డన చూసినప్పుడల్లా నా చదువు ఎందుకూ కొరగాదనిపించేది.

అక్కకు పిల్లలు లేరు. నా కొడుకును ఆమే పెంచింది. నేను కన్నానంతే.

మా తాలూకాను బళ్ళారి జిల్లాలోంచి తీసి కర్నూలు జిల్లాలో కలిపిన రెండేళ్లకు, బుడ్డలు పెరికే కాలంలో, అక్క చేలో పడిపోయింది. వేరుశనగ కాయల్ని మా వైపు బుడ్డలంటాం. మూతి కొంచెం వంకరపోయింది, ఎడమచెయ్యి పట్టు తప్పింది. గాలి సోకిందన్నారు. పావురం నెత్తురు రాశారు, నూనెలు మర్దనా చేశారు. ఏది పనిచేసిందో ఏది చేయలేదో తెలియదు గానీ, నెల తిరిగేసరికి మూతి సర్దుకుంది, చెయ్యి లేచింది. అక్క మళ్లీ జొన్నరొట్టె తట్టింది. ఇంట్లో అందరం ఆ సంగతి మరిచిపోయాం.

మాఘమాసంలో మా వాడికి పుట్టువెంట్రుకలు తీశాం. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయాలి కాబట్టి మా పుట్టింటివాళ్లందరూ వచ్చారు. నాన్న, అన్నలు, చిన్నాయనలు. వాళ్లను గాలి తగిలే గోడ వైపు కూర్చోబెట్టారు. దొడ్డివాకిలి నుంచి వచ్చే మనిషికి అది ఎడమ వరుస.

అక్క గంప పట్టుకుని వచ్చింది. కుడి వరుసలో ఒక్కొక్క ఆకులో ఒక్కొక్క భక్ష్యం వేసుకుంటూ పోయింది. ఎడమవైపు తల కూడా తిప్పలేదు. చివరిదాకా పోయి వీధివాకిలి దాటింది. వెనక పప్పు పట్టుకున్న నేనూ, అన్నం పట్టుకున్న పక్కింటావిడా కొయ్యబారిపోయాం. ఆమె చేతి భక్ష్యం పడని ఆకులో మేమేం వేయగలం? అక్క సందు తిరిగి రెండోసారి వచ్చింది. "అక్కా, ఈ పక్క" అని నేను గొణిగినా మళ్లీ కుడి వరుసే. మళ్లీ వీధివాకిలి. పదహారు ఆకులు ఖాళీగా ఉన్నాయి. వాటి ముందు మా నాన్న, మా వాళ్లు.

పంక్తిభేదం కన్నా పెద్ద అవమానం మా వైపు లేదు. నాన్న ఆకు మడవకుండానే లేచాడు.

"బిడ్డనిచ్చిన ఇంట్లో ఆకు ముందర కూసోబెట్టి పస్తు పంపిస్తారని నాకు తెలవదప్పా," అని మా బావతో అని, తలపాగా చుట్టుకున్నాడు. మిగతావాళ్లూ లేచారు. ఎండలో బండ్లు కట్టుకుని పోయారు.

అక్క గంప కింద పెట్టింది. "నేను అందరికీ పెట్టినా! ఒక్క ఆకు ఇడవల్యా!" అంది.

ఆ మాటతో నా ఒళ్లు మండిపోయింది. కళ్ల ముందు జరిగినదాన్ని కాదంటుందా! "నీకు బిడ్డల్లేకపోతే నా బిడ్డ పండగ పాడు చేస్తావా?" అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చిందని ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

అక్క మా వాడి గుండు మీద గంధం ఆరిపోయిందని మళ్లీ రాసింది.

వారం తిరక్కముందే మా అత్త తీర్మానం చేసింది. పెద్దకోడలికి ఈర్ష్య పట్టింది, లేదా బుర్ర చెడింది. ఏదైనా ఇంట్లో ఉంచుకునేది కాదు. ఉగాది వెళ్లాక వచ్చి తీసుకుపొమ్మని అక్క తమ్ముడికి కబురు పెట్టింది. పిల్లలు లేని ఆడది అలా పుట్టింటికి పోతే మళ్లీ రావడం ఉండదని ఊళ్లో అందరికీ తెలుసు. మా బావ తల వంచుకుని చేనికి పోయాడు, ఆయన వెనకే మా ఆయన. నేను మంచిగా అయిందనే అనుకున్నాను.

ఇరవై రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉండి మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో తోటికోడళ్లకు తెలుస్తుంది. ఒకరోజు పొద్దున ఆమె స్నానం చేసి వచ్చింది. ముఖానికి పసుపు రాసుకుంది, కుడి చెంపకు మాత్రమే. తల కూడా కుడివైపే దువ్వింది. ఎడమవైపు జుట్టు నిద్రలేచినట్టే ఉంది. వేషాలు వేస్తోంది అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అత్త ఊళ్లో లేక నేను వడ్డించాల్సి వచ్చింది. అక్క ఆకులో సంగటి కుడివైపు, గోంగూర ఎడమవైపు వేసి విసురుగా పక్కకు పోయాను. ఆమె ఉత్త సంగటి మింగుతోంది. కాసేపటికి, "ఊరిబిండయినా ల్యాదా మే?" అంది మెల్లగా, నంజుకోవడానికి పచ్చడైనా లేదా అని.

నాకు కోపం నసాళానికి అంటింది. "కండ్లు ల్యావా? ఇదేంది?" అంటూ ఆకు పట్టుకుని గిర్రున తిప్పాను. గోంగూర ఆమె కుడివైపుకు వచ్చింది.

"ఓ, ఎప్పుడేస్తివి?" అంది. ఆమె ముఖంలో ఆశ్చర్యం. నటన కాదు. ఆకలితో ఉన్న మనిషి కూర కనపడగానే పడే సంతోషం.

నేను నిలబడ్డచోటే కూర్చుండిపోయాను. పొద్దుటి ముఖం గుర్తొచ్చింది. మా నాన్న మీద పగతో ఎవరూ తన సగం ముఖానికి పసుపు మానుకోరు. నన్ను ఏడిపించడానికి ఎవరూ తన కడుపు మాడ్చుకోరు. గోంగూర అయిపోయాక ఆకు ఇంకోసారి తిప్పాను. అటుపోయిన సంగటి ముద్ద ఇటు వచ్చింది. "ఇంగా ఉండాదే!" అని నవ్వింది. నేను వెక్కి వెక్కి ఏడిచాను. ఎందుకు ఏడుస్తాండావని ఆమే నా కళ్లు తుడిచింది.

ఆలూరు సర్కారు దవాఖానాలో ఒక ముసలి డాక్టరు ఉండేవాడు. తురకాయన. పేషెంట్లను తిట్టి మందిచ్చేవాడు, మళ్లీ బాగుండారా అని కబురు పంపేవాడు. ఆయన దగ్గరికి అక్కను తీసుకుపోవాలంటే బావ ఒప్పుకోవాలి. బావతో నేను నేరుగా మాట్లాడే ఆచారం లేదు. తలుపు చాటున నిలబడి, "అత్తా, అక్క కావాలని చెయ్యల్యా అని బావతో చెప్పు," అన్నాను. అత్త పెదవి విరిచింది గానీ, తలుపు అవతల ఉన్న బావ విన్నాడు. పొద్దునే బండి కట్టాడు.

డాక్టరు అక్క కళ్లు చూశాడు, చేతులు పట్టి చూశాడు, కాళ్లు తట్టాడు. తర్వాత ఆమె ఎదురుగా కూర్చుని రెండు చేతులూ చాచి, ఎడమపక్క వేలు ఆడించాడు. కనపడింది అంది. కుడిపక్క వేలు ఆడించాడు. కనపడింది. రెండూ ఒకేసారి ఆడించాడు. "కుడిదొక్కటే," అంది. నాలుగుసార్లు అడిగినా అదే జవాబు.

"కండ్లు బాగుండాయి. చేతుల్లో తాకత్ ఉండాది. ఇది బద్మాషీ కాదమ్మా, బీమారీ," అన్నాడు నాతో. "నేను నాడి సూస్తా, గుండె ఇంటా. మెదడు యా పని చేస్తాండాది, యా పని ఇడిచిపెట్టినాది అని కొలిచేటోళ్లు వేరే ఉండారు. బెంగళూరులో పెద్దాసుపత్రి ఉండాది. నేను ఖత్ రాస్తా."

"పిచ్చాసుపత్రా?" అన్నాను గొంతు తగ్గించి.

"నీ ఇంటి గోడ కూలితే ఇల్లంతా పడగొడ్తావా? యా గోడ కూలిందో ముందు సూడొద్దా?" అని కసిరాడు.

ఆయన ఉత్తరం రాశాడు. నాకూ ఒక పని పెట్టాడు. ఒక నోటుబుక్కు ఇచ్చి, "పదిహేను దినాలు ఆమె ఏమి చేస్తాండాదో, ఏమి మరుస్తాండాదో రాయి. నీకనిపించేది రాయొద్దు, కండ్లతో సూసింది రాయి," అన్నాడు. ఇంత చదువు చదివి నేను చేసిన మొదటి పనికొచ్చే పని అదే. వాకిలి దాటుతూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంది. ముగ్గు కుడి సగమే వేసి చేతులు కడుక్కుంది. ఎడమవైపు నుంచి పిలిస్తే కుడివైపు వెతికింది. కానీ యాభై పేర్ల పెళ్లిపిలుపులు ఒక్కటి తప్పకుండా చెప్పింది. పాడిగేదె ఎన్నాళ్లకు ఈనుతుందో లెక్క తప్పలేదు. మరిచిపోయినవాటి పక్కనే మరవనివి కూడా రాయమన్నాడు డాక్టరు. రాస్తుంటే అవే ఎక్కువయ్యాయి.

మూడు వారాలకు జవాబు వచ్చింది. డాక్టరు చదివి తెలుగులో చెప్పాడు. పరీక్షలకు రెండు పొద్దులు పడుతుంది. ముందురోజు బాగా నిద్రపోవాలి, పొద్దున తిని రావాలి. కళ్లజోడు ఉంటే తేవాలి, వాడుతున్న మందులు తేవాలి. జబ్బుకు ముందు ఆమెను ఎరిగిన మనిషి వెంట రావాలి. ఏ భాష మాట్లాడుతుందో ముందే తెలపాలి. చివరగా, ఏమీ నేర్పించి తీసుకురావద్దు.

ఆ చివరి మాట నాకు కాదనుకున్నాను. బిడ్డను మా ఆయనకు అప్పజెప్పి అక్క, బావ, నేను బయల్దేరాం. గుంతకల్లులో రైలెక్కింది మొదలు బెంగళూరు దాకా అక్కకు పాఠం చెప్పాను. ఈరోజు ఏ వారం? మనది ఏ జిల్లా? ఏ రాష్ట్రం? రాజధాని ఏది? ఇన్‌స్పెక్టరు రాబోయే ముందురోజు మా పంతులు మాకు చేసిన పనే నేను ఆమెకు చేశాను. తప్పు చెబితే పిచ్చిదని రాసేస్తారన్న భయం. అక్క ఓపిగ్గా అప్పజెప్పింది. ఎదురు బెంచీలో బావ కిటికీలోంచి చూస్తూ, పెదాలు కదిలిస్తూ తానూ నేర్చుకుంటున్నాడు.

ఆసుపత్రిలో తెల్లచీర కట్టుకున్న ఒక అమ్మాయి మమ్మల్ని చిన్న గదిలోకి పిలిచింది. నాకన్నా రెండేళ్లు పెద్దదేమో. వాళ్లది కోలారు వైపు, ఇంట్లో తెలుగే. మందు సీసాలు లేవు, సూది లేదు. ఒక మేజా, కాగితాలు, రంగు చెక్క ముక్కలు, ఒక గడియారం. అక్క ఆమెను టీచరమ్మ అంది. ఆ రెండు రోజులూ ఆమె టీచరమ్మే.

మొదట నా నోటుబుక్కు అంతా చదివింది. తర్వాత అక్కను అడిగింది, "మీ ఊరు ఏ జిల్లా అక్కా?"

"బళ్ళారి," అంది అక్క. నా ముఖం చూసి గాభరాపడి, "కాదు కాదు, కర్నూలని చెప్పమన్నింది మా చెల్లెలు," అంది.

టీచరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "మా తాలూకాను మొన్నమొన్ననే మార్చినారు. మా ఊళ్లో సగం మంది ఇంకా బళ్ళారే అంటారు," అని నేను సర్దబోయాను.

"అట్లయితే సరైన జవాబే," అని ఏదో రాసుకుంది. తర్వాత నావైపు తిరిగి, "ఇందులో పాసు లేదు, ఫెయిలు లేదు. ఎక్కడ తప్పిపోతాందో అదే నాకు కావల్ల. తప్పులన్నీ నువ్వే దిద్ది తెస్తే నేనేమి చూసేది?" అంది. కోపంగా అనలేదు. అయినా నా చెంపలు మండాయి. నన్ను బయట కూర్చోమంది.

తలుపు ఓరగా ఉంది. అంతా వినపడింది, సగం కనపడింది. ఒక చిన్న కథ చెప్పి మళ్లీ చెప్పమంటే, అక్క ఒక్క మాట పోనీయకుండా చెప్పి, ఆ కథలో ముసలమ్మ చేసింది తప్పని తీర్పు కూడా ఇచ్చింది. అంకెలు చెప్పి తిరగేసి చెప్పమంటే తప్పులేకుండా చెప్పింది. వస్తువుల పేర్లు చెప్పింది. ఒక గీత గీసి నడిమధ్య చుక్క పెట్టమంటే చుక్కను బాగా కుడివైపుకు పెట్టింది. గడియారం బొమ్మ గీయమంటే మాత్రం, "నేను గడియారం ఎప్పుడు గీస్తి టీచరమ్మా? సూడనే రాదు," అంది.

అక్కడ నేను ఆ అమ్మాయికి దండం పెట్టుకున్నాను. ఇంకొకరైతే రాదు అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు పోయేవాళ్లు. ఆమె పెన్ను కింద పెట్టి ఆలోచించింది. బయటికి వచ్చి, "మీరు దారిలో తినడానికి ఏమి తెచ్చుకున్నారు?" అని అడిగింది. వేయించిన బుడ్డల సంచి ఇచ్చాను. పిడికెడు బుడ్డలు మేజా నిండా చల్లి, "అన్నీ ఏరి నా చేతిలో పెట్టక్కా," అంది. అక్క గబగబా ఏరింది. "అయిపోయినాయి," అంది. మేజా ఎడమ సగంలో బుడ్డలు అలాగే ఉన్నాయి. టీచరమ్మ అక్కను లేపి మేజాకు అవతలివైపు కూర్చోబెట్టింది. "అయ్యో, ఇన్ని ఉండాయే!" అని అక్క మిగిలినవన్నీ ఏరింది.

తర్వాత నన్ను లోపలికి పిలిచింది. ఊరు తెలిసిన మనిషి పక్కన ఉండాలట. "అక్కా, కండ్లు మూసుకో. మీ ఊరి రచ్చకట్ట దగ్గర నిలబడినావు. చేని దిక్కు వీధిలో నడుస్తాండావు. ఎవరెవరి ఇండ్లు వస్తాయో చెప్పు." అక్క ఇళ్లన్నీ చెప్పింది. అన్నీ కుడివైపువే. వీధికి ఎడమవైపున ఉన్నవి ఒక్కటీ చెప్పలేదు. మా ఇల్లు ఎడమవైపే ఉంది. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన ఇంటిని ఆమె చెప్పలేదు.

నేను అందించబోయాను. టీచరమ్మ నా చెయ్యి నొక్కింది, మాట్లాడవద్దని. "చేని దగ్గరికి పోయినావు కదా. ఇప్పుడు ఎనక్కి తిరిగి అదే వీధిలో రా," అంది.

అక్క కళ్లు మూసుకునే నవ్వింది. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, మూడో ఇల్లు. "ఇదిగో మా ఇల్లు. అరుగు మీద మా చెల్లెలి కొడుకు కూసోనుండాడు. కాళ్లకు మట్టి," అంది.

రెండో రోజు పొద్దున అన్నీ అయిపోయాక అక్క అడిగింది. రైల్లో నేను నేర్పిన ప్రశ్నల్లో లేనిది. "నాకు పిచ్చా, టీచరమ్మా?"

"లేదక్కా," అంది ఆమె. మా బావ వైపు తిరిగి, ఆయనకు వినపడేలా మళ్లీ అంది, "లేదు."

ఆమె రాసిన కాగితం ఇంగ్లీషులో ఉంది. కానీ మమ్మల్ని కూర్చోబెట్టి ఒక్కొక్క మాటా తెలుగులో విప్పింది. సగం పైన బాగున్నవే రాసింది. జ్ఞాపకం బాగుంది, మాట బాగుంది, తెలివి బాగుంది. ఆనాడు చేలో పడ్డప్పుడు మెదడులో కుడివైపు దెబ్బ తగిలింది. అందువల్ల కళ్లు చూసినా, ఎడమవైపు ఒక లోకం ఉందని మనసుకు తోచదు. చెప్పినా తోచదు కాబట్టి ఆమె అబద్ధం ఆడటం లేదు. ఈ కాగితం మందు కాదు, ఇంట్లో ఎలా మెలగాలో తెలియడానికి అంది. ఎడమచేతికి ఎర్రగాజులు, కుడిచేతికి పచ్చగాజులు వేయమంది. ఏ పని మొదలుపెట్టినా ఎర్రగాజులు కనపడేదాకా తల తిప్పి, అక్కడినుంచి మొదలుపెట్టాలి. సందడిలో, తొందరలో మళ్లీ మరుపు వస్తుంది, అప్పుడు తిట్టొద్దు. ఆరునెలలకు మళ్లీ వస్తే ఎంత మారిందో కొలుద్దాం.

ఆఖరున నన్ను అడిగింది. "అంతా బాగుంది గానీ, ఆరోజు వడ్డించేటప్పుడు ఒక్కసారి ఎనక్కి నడిచి ఉంటే మీ నాన్న వరుస ఆమెకు కుడివైపు వచ్చేది కదా? ఎందుకు నడవలేదు?"

నేను ఆ పప్పు కథ చెప్పాను. టీచరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఆ ఒక్క కట్టుబాటు సడలించండి. ఇంకేమీ అక్కరలేదు," అంది.

ఇంటికి వచ్చి చెబితే మా అత్త ఇంతెత్తున లేచింది. గాజుల దాకా ఒప్పుకుంది, అక్క తమ్ముణ్ణి అప్పటికి రావద్దని కబురు పంపింది. వడ్డించే మనిషి వెనక్కి తిరగడం మాత్రం తాను బతికుండగా జరగదంది. "వైశాఖంలో పిల్లోనికి చెవులు కుట్టే పండగ ఉండాది. ఆ పొద్దు సరిగ్గా వడ్డిస్తే ఉంటాది. ల్యాకుంటే ఆమె తమ్మునికి మళ్లీ కబురు పెడ్తా," అంది.

నేను మా పుట్టింటికి పోయాను. నాన్న నా మాటలన్నీ విని, మేకుకు తగిలించిన పలుపు చేతిలోకి తీసుకున్నాడు. "మా ఎర్రెద్దుకు ఎడమ కన్ను మసకని తెలిసినాక దాన్ని యా పక్క కట్టాల్నో సూసి కడతాండాం. మనిషికి ఆ మాత్రం సూడొద్దా," అన్నాడు. తర్వాత, "వస్తా," అన్నాడు.

రెండు నెలలు అక్క గాజులతో సాధన చేసింది. పొద్దునే ముగ్గు వేసే ముందు తల తిప్పి ఎర్రగాజులు చూసుకునేది. ఊళ్లో వాళ్లు ఇదేం సింగారమని నవ్వేవాళ్లు. ఆమె వాళ్లతో పాటు నవ్వేది. పసుపు రెండు చెంపలకూ వచ్చింది. ముగ్గు మూడొంతులు పూర్తయ్యేది. అంత పట్టుదల నేను చదువుకున్నవాళ్లలో చూడలేదు, నాలో అసలే చూడలేదు.

పండగనాడు పడసాల నిండిపోయింది. వీధివాకిలి దగ్గర డోలు, సన్నాయి. చెవులు కుట్టించుకుని మా వాడు ఇల్లెగిరిపోయేలా ఏడుస్తున్నాడు. నాన్న తనంతట తానే పోయి ఎడమ వరుసలో కూర్చున్నాడు, వీధివాకిలి పక్కన. అక్క గంప పట్టుకుని దొడ్డివాకిలిలో నిలబడింది. తల తిప్పి గాజులు చూసుకుంది. మొదటి రెండు ఆకులు ఎడమవైపే వేసింది. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో మా వాడు "పెద్దమ్మా!" అని కేక పెట్టాడు. ఆమె ఉలిక్కిపడింది. అంతే. తర్వాత కుడి ఆకు, కుడి ఆకు, కుడి ఆకు. ఎడమ వరుసలో మిగతా ఆకులు మళ్లీ ఖాళీ.

ఆమె వీధివాకిలి దగ్గరికి వచ్చేసింది. ఇంకొక్క అడుగు వేస్తే బయట. డోలు ఆగిపోయింది. అక్క కూడా ఆగింది. ఏదో తప్పిందని ఆమెకు తెలిసింది, ఏమిటో తెలియలేదు. నాన్న ఖాళీ ఆకు మీద చెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. లేవలేదు. ఆయన పక్కన ఎవరూ లేవలేదు. నేను అత్త వైపు చూశాను. ఆ ఇంట్లో ఆ మాట అనగలిగిన మనిషి ఒక్కతే ఉంది.

మా అత్త స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. నాన్న చేతి కింద ఖాళీ ఆకును చూసింది. అక్క ముఖం చూసింది.

"ఎనక్కి తిరుగమ్మా," అంది.

అక్క నమ్మలేనట్టు నిలబడింది.

"తిరుగు. నేను చెప్తాండాగదా, తిరుగు!"

అక్క తిరిగింది. తిరగగానే ఆమె కుడివైపున మొట్టమొదట మా నాన్న ఉన్నాడు. "ఓ, మామా, నువ్వు ఈడ ఉండావా!" అంది. ఆమె కళ్లలోంచి నీళ్లు గంపలో పడ్డాయి. ఆయన ఆకులో భక్ష్యం వేసింది. నాన్న దాన్ని తుంచి నోట్లో పెట్టుకుని, "ఇంగొకటి ఎయ్యమ్మా. పోయినసారిది బాకీ ఉండాది," అన్నాడు. వరుసంతా నవ్వింది. ఆ నవ్వుల్లో నేను పప్పు గిన్నె పట్టుకుని, ఆమె వెనకాలే, ఆ ఇంట్లో మొదటిసారి ఎదురు నడిచాను. బిడ్డల్లేరని ఆనాడు అందరి ముందూ అన్న నా మాటకు ఆమె చెవిలో క్షమాపణ చెప్పాను. "నడువ్ మే, పప్పు చల్లారుతాది," అంది.

అక్క ఇంకో ముప్పై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉంది. ఇప్పుడు మా ఇంట్లో వడ్డించే మనిషి ఒకసారి వెనక్కి తిరిగి నడవాల్సిందే. కొత్త కోడళ్లు ఎందుకని నవ్వుతారు. వాళ్లకు నేనే అందరికన్నా ముందు అన్నం పెట్టి, పక్కన కూర్చుని, ఎందుకో చెబుతాను.